గీత మీద ఖాళీ చెయ్యి

మా యారాలి బిడ్డ ఓడిపోయి ఊరంతా పేరు తెచ్చుకుంది. నా బిడ్డ రెండుసార్లు పాయింట్లు తెచ్చినా దాని పేరు ఎవరి నోటా పలకలేదు. ఈ రెండు ముక్కలు రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది కాబట్టి, నేను నిష్పక్షపాతంగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. కానీ అబద్ధం మాత్రం చెప్పను.

యారాలంటే మా ఆయన అన్న భార్య. నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. కోరుట్లలో మా రెండిళ్ళకూ నడుమ ఉన్నది ఒకటే గోడ. ఆమె పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. మా ఆడపిల్లలిద్దరిదీ ఒకే బడి, ఒకే తరగతి. వాళ్ళ పిల్ల నా పిల్లకంటే కొన్ని నెలలే పెద్ద, కానీ ఆ కొన్ని నెలలు పెట్టుకుని ఏలని ఏలుబడి లేదు. మొదట నడిచింది ఆ పిల్ల, కొత్త బట్టలు తెస్తే మొదట రంగు ఎంచుకునేది ఆ పిల్ల. మస్కట్ నుంచి మా ఆయన ఫోన్ చేసినా ముందు మోగేది అక్క ఇంట్లోనే. అన్నావదినలతో మాట్లాడాకే మా వంతు. నేను ప్రైవేటు బడిలో తెలుగు పాఠాలు చెబుతాను, ఎంత ఓర్చుకోవాలో పిల్లలకు కూడా చెబుతాను. ఇంటికి రాగానే నాకు ఆ పాఠం గుర్తుండదు.

ఈ రగ్బీ అనే ఆట మాకు పీఈటీ సారు తెచ్చిపెట్టాడు. అంతకుముందు మా పిల్లలు కబడ్డీ ఆడేవారు, బాగానే ఆడేవారు. ఏదో శిక్షణకు పోయి వచ్చిన సారు, బొప్పాయి పండులాంటి బంతి ఒకటి వెంట తెచ్చాడు. కబడ్డీకి ఏడుగురు, ఈ చిన్న రకం రగ్బీకీ ఏడుగురే. ఇంకేం, ఉన్న జట్టు చేతిలోనే ఆ బంతి పెట్టాడు. పట్టుకోవడం, పడగొట్టడం, విడిపించుకుని ఉరకడం మా పిల్లలకు పుట్టుకతో వచ్చినట్టే వచ్చాయి. బంతితో ఉరికి అవతలి గీత మీదో, దాటాకో ఆ బంతిని నేలకు ఆనించాలి. దాన్ని ట్రై అంటారు, అయిదు పాయింట్లు. ఆ తర్వాత బంతిని కర్రల నడుమ నుంచి తన్నగలిగితే ఇంకో రెండు. తన్నడం మాత్రం మావాళ్ళలో ఎవరికీ రాలేదు.

అట్లా ఆడుతూ ఆడుతూ జగిత్యాల జిల్లా జట్టయ్యారు. సిరిసిల్ల జట్టుతో సిరిసిల్లలోనే ఫైనల్. ఆట పెట్టిన బడి గోడ అవతల మరమగ్గాలు, వాళ్ళ మాటలో సాంచెలు, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. మా వాళ్ళు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. నేనూ అక్కా ఒకే గొడుగు కింద కూర్చున్నాం, నవ్వుకుంటూనే.

మొదటి ట్రై నా బిడ్డ కొట్టింది. పక్కకు జరిగి, ఒకరిని తప్పించుకుని, గీత దాటి మరీ బంతిని రెండు చేతులతో నేలకు అదిమింది. నేను లేచి అరిచాను. అక్క కూడా చప్పట్లు కొట్టింది గాని, "మావోడు ఇంక కూతకు పోలే" అన్నది. ఆమె తన బిడ్డను మురిపెంగా మావోడు అంటుంది, ఇది కబడ్డీ కాదని ఇప్పటికీ ఒప్పుకోదు. రెండో ట్రై కూడా నా బిడ్డదే. అప్పుడిక నేను గొడుగు అక్కకే వదిలి, ఫోన్ పట్టుకుని ఆ చివరి గీత దగ్గరికి పోయి గోడ నీడన నిలబడ్డాను. మూడోది కూడా కొడుతుంది, ఫోటో దగ్గర నుంచి తీయాలని నా ఆశ.

సిరిసిల్ల వాళ్ళు రెండు ట్రైలు కొట్టి, రెండుసార్లూ బంతిని కర్రల నడుమ నుంచి తన్ని పద్నాలుగుకు చేరారు. మాకు పది. ఆఖరి నిమిషంలో బంతి నా బిడ్డ చేతికి వచ్చింది. ఎదురుగా ఇద్దరు అడ్డం వస్తే పక్కనే ఉన్న అక్కకు, అంటే మా యారాలి బిడ్డకు, అందించింది. ఆ పిల్ల ఉరికింది. ఉరుకుడు చూడముచ్చటగానే ఉంది, లేదనను. గీత ఇంకా జానెడు దూరం ఉందనగా వెనక నుంచి కాళ్ళు పట్టి పడేశారు. పడ్డ పిల్ల ఏం చేసిందో నేను రెండు బారల దూరం నుంచి చూశాను. బంతి పొట్ట కింద ఉంది. ఎడమ చెయ్యి దాన్ని పట్టుకునే ఉంది. కుడిచెయ్యి బారుగా చాపి గీతను ముట్టింది. ఖాళీ చెయ్యి.

ఎందుకట్లా చేసిందో కబడ్డీ ఎరిగిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కూతకు పోయినవాణ్ణి నలుగురు మీదపడి పట్టినా, వేలు నడిగీతకు తగిలితే బతికినట్టే. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల ఒంటికి అదే అలవాటు. పడగానే చెయ్యి గీతను వెతుక్కుంది, బంతి సంగతి మరిచింది. రెఫరీ వంగి చూసి, ఈల ఊది, ట్రై కాదన్నాడు. పడ్డాక బంతి వదలాలట, వదల్లేదని దాన్ని సిరిసిల్ల వాళ్ళకే ఇచ్చాడు. వాళ్ళు దాన్ని బయటికి తన్నేశారు, అంతటితో అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో వ్యాను వ్యానులా లేదు. అసెంబ్లీలా ఉంది.

"గీత ముట్టిందా లేదా? ముట్టింది. ఇగ మాట్లాడేదేమున్నది?" అన్నాడు మా బావ, అంటే అక్క భర్త.

"నేను గూడ కబడ్డి ఆడిన. చెయ్యి గీత మీద పడ్డదంటే ఇగ ఎవ్వడేం చేస్తడు?" అన్నాడు కొడిమ్యాల నుంచి వచ్చిన ఇంకో పిల్ల తండ్రి.

"గది కబడ్డి అన్నా. దీంట్ల బాల్ ఆనియ్యాలె" అన్నాడు ముందు సీట్లోంచి పీఈటీ సారు.

"ఆనిచ్చిందో లేదో నువ్వు చూసినవా?" అన్నాడు బావ.

"నేను గా మూలకున్న, నాకు కనవడలె."

"మరి? కనవడందానికి లేదని ఎట్లంటవు?"

వేములవాడలో చాయ కోసం ఆగితే, దేవుడి దర్శనానికి వచ్చిన వాళ్ళకు కూడా వీడియో చూపించారు. ఎవరో వెనక వైపు నుంచి తీసిన వీడియో అది. అందులో వీపు కనబడుతుంది, గీత మీద చెయ్యి కనబడుతుంది, బంతి కనబడదు. దర్శనం అయినవాళ్ళూ కానివాళ్ళూ ఒకటే మాటగా అన్యాయమన్నారు. రెఫరీ పొద్దున సిరిసిల్ల వాళ్ళ దగ్గర టిఫిన్ చేశాడని కూడా అక్కడే తేలింది. ఎవరు తేల్చారో తెలియదు. ఆ పిల్ల కిటికీకి తల ఆనించి ఏడుస్తోంది, అందరూ ఆ తల నిమిరేవాళ్ళే. నా బిడ్డ వెనక సీట్లో అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. పది పాయింట్లు తెచ్చిన పిల్ల ఒళ్ళో సంచులు!

నేను నోరు నొక్కుకుని కూర్చున్నాను. చెబితే కుళ్ళు అంటారని తెలుసు.

కోరుట్లకు వచ్చాక ఇంకా ముదిరింది. వాడకట్టు యువకులు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. 'మన బిడ్డకు న్యాయం జరగాలి' అని పెద్ద అక్షరాలు, కింద గీత మీద చెయ్యి చాపిన ఆ పిల్ల. ఫోటో అంచున ఒక మోచెయ్యి ఉంది. అది నా బిడ్డది. రోజూ బడికి పోతూ ఆ మోచేతిని చూసి, వస్తూ మళ్ళీ చూశాను. ఒక పెద్దమనిషి వచ్చి ఆ పిల్లకు శాలువా కప్పి పోయాడు. గెలిచిన సిరిసిల్ల పిల్లలకైనా ఎవరైనా శాలువా కప్పారో లేదో.

మధ్యాహ్నాలు అక్క వాకిట్లో వాడకట్టు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తారు. ఇప్పుడు తంబాకు డబ్బాకు ఫోన్ ఆనించి ఆ వీడియో పెట్టుకుంటున్నారు. చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి, కళ్ళు మాత్రం తెర మీద. "ఆపు ఆపు, గీడ ఆపు" అంటారు. ఆపుతారు. "సూడు, చేతి ఏండ్లు గీత అవుతలున్నయి" అంటారు. ఒక రోజు సెలవై నేనూ అక్కడే కూర్చున్నాను. అదే వీడియో ఎన్నోసారి వేశారో, నాలో ఏదో తెగింది.

"చెయ్యి ఉన్నది గని చేతుల బాల్ ఏది?" అన్నాను. "బాల్ పొట్ట కిందున్నది. నేను గక్కడ్నే నిలబడి చూసిన."

బీడీలు చుట్టే చేతులు ఆగాయి. అక్క నా వైపు తిరిగింది.

"నీకు కడుపుల మండుతున్నదని నాకెర్కలేదా చెల్లె?"

"మండుడు కాదక్కా, ఉన్నదే చెప్తున్న."

"పిల్ల ఏడ్సి ఏడ్సి అన్నం తింటలేదు. నీకు గిప్పుడే యాదికచ్చిందా ఉన్నది?"

ఆమె అన్నది నిజం. కడుపు మండటం నిజం. చేతిలో బంతి లేకపోవడమూ నిజమే. నాకు మంట ఉన్నంత మాత్రాన బంతి పొట్ట కింద నుంచి చేతిలోకి వస్తుందా? లేచి వచ్చేశాను, వెనక ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం వినబడుతూనే ఉంది.

శుక్రవారం మస్కట్‌లో సెలవు. అన్నం వేళకు మా ఆయన ఫోన్ వచ్చింది, అక్క ఇంట్లో మాట్లాడాకే. ఆయన గదిలో మెట్‌పల్లి వాళ్ళూ మా వాళ్ళూ కలిసి ఉంటారు. వాళ్ళలోనూ రెండు పార్టీలయ్యాయట.

"నువ్వు దగ్గరున్నవట గదా. ముట్టిందా లేదా, ఒక్కటే మాట చెప్పు. ఈడ అందరు ఇంటున్నరు, స్పీకర్ పెట్టిన."

చెప్పాను. బంతి ఎక్కడుందో, ఏ చెయ్యి చాపిందో, రెఫరీ ఎట్లా వంగి చూశాడో, పొల్లు పోకుండా చెప్పాను. అంత శ్రద్ధగా నేను బడిలో కూడా పాఠం చెప్పలేదు. గదిలో కొందరు నవ్వారు, కొందరు ఒప్పుకోలేదు. ఆయన గొంతు తగ్గించి, "సరే గని, వదినతోని గిట్లనకు. బాధపడుతది" అని పెట్టేశాడు. కన్నబిడ్డ ఊసు ఒక్క ముక్క లేదు.

నా బిడ్డ గడప దగ్గర కూర్చుని బూట్లకు అంటిన మట్టి పుల్లతో గీకుతోంది. తల ఎత్తకుండానే అన్నది:

"అమ్మా, ఇంకోపారి ఫైనలైతే నేను గూడ పడిపోయి ఉత్త చెయ్యి పెడుత."

"ఏం మాటలే అవి?"

"మరి డాడీ అప్పుడు నన్నడుగుతడు గదా."

అక్క మీద, ఆ పిల్ల మీద, ఫ్లెక్సీ మీద ఉన్న కోపమంతా మస్కట్ వైపు తిరిగింది. వెంటనే ఫోన్ కలిపాను. ఆయన ఎత్తగానే, "ఏమయ్యా, నీ బిడ్డ రెండు ట్రైలు కొట్టింది, ఎరికేనా? ఆమె లేకుంటే పదీ లేదు, ఏం లేదు. పొద్దంతా గా చెయ్యి గురించే అడుగుతవు, కన్నబిడ్డను అడుగవా?" అన్నాను.



"రెండు కొట్టిందా?" అన్నాడు. "మనదా?"

"మరి ఎవలది?"

"నాకు ఎవ్వలు చెప్పలేదే. అన్న చెప్పలే, వదిన చెప్పలే. ఇంతకుముందు గంత సేపు మాట్లాడినవు. నువ్వన్న చెప్పకపోతివి."

వారం రోజులుగా నా నోట్లో నానింది ఎవరి బిడ్డ అని లెక్క చూసుకుంటే, అది నా బిడ్డ కాదు. ఫోటో తీయడానికే కదా ఆ గీత దగ్గరికి పోయింది నేను. పోయి, వచ్చి, ఊళ్ళో వాళ్ళలాగే నేను కూడా ఆ చేతినే పట్టుకుని వేలాడాను.

ఫోన్ పిల్ల చేతికిచ్చాను. అది చేతి మట్టి లంగాకు తుడుచుకుని, ముందు సిగ్గుపడింది. తర్వాత మొదలుపెట్టింది. "ఫస్ట్‌ది డాడీ... ఎడమ దిక్కు నుంచి పోయిన. ఒకామె మీదికచ్చింది..." అది గుసగుసగా చెబుతోంది. గోడ అవతల అక్క ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వింటోందని నాకు తెలుసు.

"గట్టిగ చెప్పు బిడ్డా" అన్నాను. "డాడీకి ఇనస్తలేదు."