ఎంతమంది తల్లులని అడిగిన బడి

పన్నెండో తరగతి పరీక్ష రాయవలసిన ఒక పిల్ల పేరును, బడి ఉత్తీర్ణత శాతం పడిపోతుందన్న భయంతో, జాబితా నుంచి కొట్టివేశారు. ఆమె మార్కులను పడగొట్టినది కూడా ఆ బడే.

ఆ పిల్ల చిలెలెకో హమూంగా. కన్నతల్లి లుసాకాలో ఇళ్లలో పనిచేస్తుంది. రెండేళ్ల వయసు నుంచి పెంచినది తల్లి చెల్లెలు. మా తోంగా తెగ ఇళ్లలో తల్లి తోబుట్టువైన ఆమె కూడా తల్లే. నిరుడు మొదటి టర్ములో చిలెలెకో సగటు డెబ్బై ఒకటి. రెండో టర్ములో ఆ పెంచిన తల్లి మరణించింది. పిల్ల సెలవు కోసం డిప్యూటీ హెడ్మాస్టరు సియామ్వీంగా గదికి వెళ్లింది.

“సార్, మా అమ్మ పోయింది. ఇంటికెళ్లాలి.”

ఆయన ఆమె ప్రవేశపత్రం తీశాడు. “మీ అమ్మ లుసాకాలో ఉందని నువ్వే రాశావు కదే! మరి పోయిందెవరు?”

“నన్ను పెంచిన చిన్నమ్మ, సార్. నాకు ఆవిడే అమ్మ.”

“అబ్బో! ఎంతమంది అమ్మలే నీకు? ఒక్కో అమ్మకి వారం చొప్పున సెలవిస్తే ఇక చదివేదెప్పుడు?”

గుమ్మం దగ్గర వరుసలో నిలబడ్డ పిల్లలు నవ్వారు. ఖననం ఆమె లేకుండానే జరిగింది.

ఆ తరువాత ఆమెకు నిద్ర పట్టలేదు, తరగతిలో కునికేది. స్నేహితురాలు వెళ్లి హాస్టలు వార్డెనుకు చెప్పింది: “ముద్ద ముందు పెట్టుకుని అలాగే కూర్చుంటోందమ్మా.”

“సన్నబడాలని సోకు! ఆకలేస్తే అదే తింటుంది, నువ్వు పో.”

అదే వార్డెను రాసిన భోజనాల పుస్తకం నకలు నా దగ్గర ఉంది. చిలెలెకో తిన్నట్లు గుర్తు పడినవన్నీ నెట్‌బాల్ ఆడిన రోజులే. టర్ము చివర ఆమె ప్రగతి పత్రం మీద డిప్యూటీ గారు ఇలా రాశారు: “సోమరి. ఆట మాన్పించవలెను.” మాన్పించారు. మూడో టర్ములో సగటు ముప్పై ఎనిమిది.

ఆ బడిలో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేసినవాడిని. ఏ కాగితాన్నీ పారవేయలేదు. పద్నాలుగేళ్ల కిందటి సెలవు చీటీ ఒకటి నా ఎదుట ఉంది: “మా అమ్మ మరణించినందున ఏడు రోజులు.” సంతకం సియామ్వీంగాది. పోయినావిడ ఆయన తల్లికి అక్క. కన్నతల్లి నేటికీ సంతలో వేరుశెనగలు అమ్ముతోంది. ఆ చీటీ మీద మంజూరు ముద్ర వేసినది నేనే. మీకెంతమంది తల్లులని ఆనాడు ఆయన్ను ఎవరూ అడగలేదు.

డిప్యూటీ గారూ, జాబితా గడువు శుక్రవారంతో ముగుస్తుంది. మీకు దక్కిన ఆ ఏడు రోజుల సాక్షిగా, చిలెలెకో హమూంగా పేరును మీ చేతితోనే తిరిగి రాయండి.