ఈశాన్యం గోడ

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక నవంబరులో, అమెరికాలో మేముండే రాష్ట్రపు పునాదుల మరమ్మతు నిధిలో ఫీల్డ్ ఇంజనీరుగా చేరాను. అంతకు ముందంతా హైవే బ్రిడ్జీలు చూసినవాణ్ణి. ఇళ్ల బేస్‌మెంట్లలో టార్చిలైటు పట్టుకుని తిరగడం మొదట కొంచెం నామోషీగా అనిపించింది. నాలుగిళ్లు చూశాక ఆ నామోషీ పోయింది.

సంగతేమిటంటే, మా ప్రాంతంలో ఒక క్వారీ కంకరలో ఇనుము కలిసిన ఖనిజం ఒకటి ఉండేది. ఆ కంకరతో పోసిన కాంక్రీటుకు ఏళ్ల తరబడి తడి తగిలితే ఆ ఖనిజం లోపలే ఉబ్బుతుంది. గోడ సాలెగూడులా పగిలి, గోటితో గీకితే రాలుతుంది. దానికి అతుకులు పనికిరావు. ఇంటిని జాకీల మీద లేపి పునాది మొత్తం మార్చాలి. ఇన్సూరెన్సు కంపెనీలు చేతులెత్తేశాయి. చివరికి శాసనసభ, క్వారీలూ కాంక్రీటు కంపెనీలూ అమ్మే ప్రతి టన్ను మీదా సుంకం వేసి ఈ నిధి ఏర్పాటు చేసింది. ఆ సుంకానికి గడువు ఉంది. గడువు తీరితే సభ మళ్లీ ఓటు వేయాలి.

గోడలోంచి మణికట్టంత లావు ముక్క తొలిచి ల్యాబ్‌కి పంపడం మా పని. ఆ ముక్కను కోర్ అంటాం. ఇంటికి మూడు కోర్లు తీయాలి, వాటిలో ఒకటి తప్పనిసరిగా అన్నిటికన్నా తడి తగిలే గోడలోంచి రావాలి. నష్టాన్ని బట్టి ఇంటికి తరగతి ఇస్తారు. మూడో తరగతి వస్తే పునాది మారుస్తారు. రెండో తరగతి వస్తే వెయిటింగ్ లిస్టులో ఉండాలి.

ఫిబ్రవరిలో రజని, శ్రీధర్ అనే దంపతుల ఇంటికి వెళ్లాను. ఇద్దరిదీ ఐటీ ఉద్యోగం. ఈశాన్యం పల్లంగా ఉన్న స్థలం కోసం రెండేళ్లు వెతికి ఆ ఇల్లు కొన్నారట. పైన ఈశాన్యంలో గరాజ్ ఉండటంతో, అదే మూలన కింద బేస్‌మెంట్‌లో పూజగది కట్టించుకున్నారు. వాస్తు చూసి కొన్న మనవాళ్ల ఇళ్లలో వాన నీరు, కరిగిన మంచు చేరేది ఆ మూలకే. ఏ గోడ ముందు పోతుందో మెట్లు దిగకముందే నాకు తెలుసు.

ఇంజనీరు తెలుగువాడని తెలిసి రజని ముఖం విప్పారింది. ఉప్మా తినేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు. నేను పూజగది వైపు నడవగానే అడ్డం వచ్చింది.

"ఆ ఒక్క గోడా వదిలేయండి అంకుల్. మార్బుల్ మందిరం దానికే ఫిక్స్ చేయించాం. పోయినేడే ప్రతిష్ఠ చేయించాం. అక్కడ డ్రిల్ చేస్తే నాకు మనసొప్పదు."

"కాంక్రీట్ అంతా ఒకే ట్రక్‌లోది కదా అంకుల్, వేరే గోడల్లో తీస్తే సరిపోదా?" అన్నాడు శ్రీధర్.

సరిపోదు. ఖనిజం అన్ని గోడల్లోనూ ఒకటే అయినా, నష్టం తడిని బట్టి ఉంటుంది. అమెరికన్ల ఇల్లయితే అడ్డంగా ఉన్న సామాను పక్కకు తీయమని చెప్పి తొలిచేసేవాణ్ణే. ఇక్కడ ఉప్మా తిని, అంకుల్ అనిపించుకుని, ఆ మాట అనలేకపోయాను. మిగతా గోడల్లో మూడు కోర్లు తీశాను. ఫారంలో ఈశాన్యం గోడకు ఎదురుగా "చేరడానికి వీలులేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. రజని రెండు చేతులూ జోడించి పంపించింది.

ఇంటికి రెండో తరగతి వచ్చింది.

ఆ ఏడాదే సుంకం గడువు తీరింది. ఒక క్వారీ చేసిన తప్పుకు అందరం ఎందుకు కట్టాలని మిగతా కంపెనీలు సభలో వాదించాయి, నెగ్గాయి. అప్పటికే మూడో తరగతి వచ్చిన ఇళ్లతో నిధి సరిపెట్టేసి, వెయిటింగ్ లిస్టును ఎత్తేసింది.

మరుసటి మార్చిలో, మంచు కరుగుతున్నప్పుడు, రజని ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే ఈశాన్యం గోడ లోపలికి పొట్టలా ఉబ్బి ఉంది. మందిరం ఊడి నేల మీద ముక్కలై పడి ఉంది. గోడ మీద చెయ్యి వేస్తే పిడికెడు పొడి రాలింది. ఆ సాయంత్రమే టౌన్ అధికారి వచ్చి, ఎవరూ ఉండకూడదని తలుపుకు ఎర్ర నోటీసు అంటించాడు. నా తప్పును ఒప్పుకుంటూ, తరగతి మార్చమని నిధికి ఉత్తరం రాశాను. గడువు నాటికి ఉన్న రిపోర్టే చెల్లుతుందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. వాళ్లిప్పుడు అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, అడుగు పెట్టలేని ఇంటికి నెలనెలా లోన్ కడుతున్నారు.

ఆ జవాబు చూపించడానికి వెళ్లినప్పుడు రజని కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మేం అడుగుతాం అంకుల్. మాకేం తెలుసు? కుదరదని మీరు చెప్పాల్సింది" అంది.

మా ఫారంలో మొహమాటానికి గడి లేదు. నేను దాన్ని వీలులేదన్న గడిలో రాశాను.

నీళ్లు చేరే గోడలోంచి కోర్ తీయాలి. ఇంటివాళ్లు బాధపడినా తీయాలి. ఈ ముక్క ట్రైనింగ్ మొదటి రోజే చెప్పారు. నాకది వంటబట్టడానికి ఒకరి ఇల్లు పోయింది.