సుగుణక్క ఎడమచేతి షార్ట్‌కట్లు

కొత్త పసుపు వచ్చే రోజుల్లో మా వీధిలో తలుపులు మూసుకున్నా లాభం ఉండదు. వెనక సందులో పసుపుకొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము దడదడా తిరుగుతుంటే ఆ ఘాటు గొంతులోకి దిగుతుంది, దుమ్ము కంప్యూటర్లలోకి చేరుతుంది. మొన్న పొద్దున షట్టర్ ఎత్తగానే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. సుగుణక్క ఉంటే ఈపాటికి డ్రమ్ము తిప్పేవాళ్లను ఏడు తరాల దాకా తిట్టి, ఆ వెంటనే వాళ్లకు చాయ్ పంపించేది. నాకు తిట్టడం రాదు. ముక్కుకు చున్నీ కట్టుకుని, కాసేపు ఆమె కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డాను.

సుగుణక్కది ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర చిన్న డీటీపీ సెంటర్. పెండ్లికార్డులు, బిల్లు పుస్తకాలు, దుకాణం ఓపెనింగు కరపత్రాలు, దశదినకర్మ పత్రికలు, ఊళ్లో మంచీ చెడూ అన్నీ ఆమె చేతిమీదుగానే అచ్చుకు వెళ్లేవి. నేను డిగ్రీ అయ్యాక నందిపేట్ నుంచి షేర్ ఆటోలో వచ్చి ఆమె దగ్గర పనికి కుదిరాను. అక్కవి పాత కంప్యూటర్లు. బరువైన సిస్టం అవి మోయలేవని, తెలిసినవాళ్లెవరో ఉచితంగా దొరికే తేలికపాటి సిస్టం వేసి ఇచ్చారు. అందులో తెర మీది కిటికీలను, అంటే విండోలను తెరిచి, మూసి, పక్కపక్కన సర్దే విండో మేనేజర్ అని ఒకటుంటుంది. దాంతోనే నా మొదటి తంటా.

ఒక పటేలు, తన కూతురి పెండ్లికార్డు చూసుకోవడానికి వచ్చి నా వెనకే నిలబడ్డాడు. పెండ్లికూతురి పేరులో అక్షరాలు ఎడంగా ఉన్నాయి. వాటిని దగ్గరికి జరపడానికి ఆల్ట్ పట్టుకుని బాణం మీట నొక్కాను. అక్షరాలు జరగలేదు, కార్డే మాయమైంది. తెర ఖాళీ. ఆయన "అయ్యో, నా బిడ్డ కార్డు పాయె" అన్నాడు. సుగుణక్క కుర్చీలోంచి లేవకుండానే నవ్వింది.

"యాడికి పోలే పటేలా, పక్కర్రల ఉన్నది, గీ తెర పక్కన ఇంకో తెర ఉంటది. ఇగో, ఇప్పుడే పిలుస్త" అని రెండు మీటలు నొక్కితే కార్డు తిరిగి వచ్చింది. ఆయన పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడు లావణ్యా, విండో మేనేజరంటే ఇంటి ముందర అరుగు మీద కూసున్న అత్త. ఎవలొచ్చినా ముందుగాల ఆమెనే అడుగుతది. లోపల పని చేసుకునే కోడలికి, ఎవలో వచ్చిండ్రన్న సంగతి గూడ తెల్వదు. నువ్వు బటన్ నొక్కింది కోడలి కోసం. నడుమల అత్త గుంజుకున్నది."

"మరి ఏం చెయ్యాలక్కా?"

"కొట్లాడొద్దు. అత్తకు ఒక్క బటన్ రాసియ్యాలె. కిటికీ బొమ్మున్న బటన్ ఆమెది. కంట్రోలు, ఆల్టు కోడలియి. గా గీత దాటకుండ చూసుకుంటే ఇంట్ల లొల్లి ఉండది."

సెట్టింగుల ఫైలు తెరిచి, విండో మేనేజర్ ఆక్రమించిన ఆల్ట్ షార్ట్‌కట్లన్నీ ఆ మధ్యాహ్నమే నాచేత మార్పించింది. అన్నం డబ్బాలు పక్కన తెరిచే ఉన్నాయి, కూర చల్లారిపోయింది. అంత సరదాగా ఏ టీచరూ నాకు ఏదీ నేర్పలేదు.

ఆ తర్వాతి ఏడాది ఆమె కుడిచేతిలోంచి కత్తెర జారిపోవడం మొదలైంది. మొదట నవ్వేసింది. తర్వాత మౌస్ పట్టు దొరకలేదు, తర్వాత చొక్కాగుండీ పెట్టుకోలేని చిన్నపిల్లలా సంచి జిప్పుతో తంటాలు పడింది. నర్సిములు బావ, అంటే అక్క భర్త, నందిపేట్ దారిలో ఆటో నడుపుతాడు. ఆటో పక్కన పెట్టి ఆమెను హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగివచ్చిన రోజు ఆమె షాపుకే నేరుగా వచ్చింది. "నరాల జబ్బంట. కండలు ఒక్కొక్కటి చచ్చుబడుతయంట. మందు లేదంట" అని, కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఏడుస్తుంటే, "ఏడుపు ఆపి ఫైలు తెరువు, కుడిచెయ్యి పని ఎడమచెయ్యికి అప్పజెప్పాలె" అంది.

అక్షరాలదేముంది, ఎడమచేతిని అటూ ఇటూ నడిపించి కొట్టుకునేది. కానీ షార్ట్‌కట్ అంటే రెండు మీటలు కలిపి నొక్కాలి. కంట్రోలు ఒక కొసన, ప్రింటు ఇచ్చే మీట ఇంకో కొసన ఉంటే ఒక్క చెయ్యి ఎలా సాగుతుంది? ప్రింటు, బాణాలు, చెరిపేయడం అన్నీ ఎడమవైపుకు రావాలి. అక్కడ కంట్రోలు, ఆల్టుతో వచ్చేవి చాలక కిటికీ బొమ్మ బటన్‌నూ వాడుకోవాలి, దాని మీద ఇప్పటికే విండో మేనేజర్ కాపురం ఉంది. ఒకే మీటకు ఇద్దరూ ఎగబడితే ముందు పట్టుకునేది అదే. అందుకని దాన్నే ఖాళీ చేయించడం మొదలుపెట్టాం. కిటికీలు పక్కపక్కన పెట్టే షార్ట్‌కట్ పోయింది. ఒక అర్ర నుంచి ఇంకో అర్రకు పోయేది పోయింది.

"ఇది తీసేస్తే ఇబ్బంది గదా అక్కా" అంటే, "ఇబ్బంది ఎవలికి, నాకా అత్తకా?" అనేది.

ఒకసారి నేనే తెగించి అడిగాను. "అక్కా, నువ్వు నోటితోని చెప్పు. నేను కొడ్త. ఎందుకింత తిప్పల?"

"నువ్వు కొడ్తవ్, నాకు తెల్సు. గప్పుడది నీ కార్డయితది. తిననీకి నర్సిములు చెయ్యి గావాలె, జడకు మా వదినె చెయ్యి గావాలె. నాదంటూ గీ ఒక్క పనే మిగిలింది బిడ్డా. గిది గూడ తీస్కుంటవా?" అంది. ఆ తర్వాత నేను ఎన్నడూ అడగలేదు. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే నా చేతులు ఊరుకునేవి కావు. వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. ఆమెతో సమానంగా ఉండాలని నేనూ నా కంప్యూటర్లో ఆమె షార్ట్‌కట్లే పెట్టుకుని, కుడిచేతిని దించేసి పని చేయడం మొదలుపెట్టాను. అది చూసి, "నకరాలు" అని తిట్టింది. కానీ ఏదైనా షార్ట్‌కట్ అందకపోతే, అది నాకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో అడిగి అప్పటికప్పుడు మార్పించేది.

జబ్బు ఎడమచేతికీ వచ్చింది. రెండు మీటలు ఒకేసారి పట్టుకోలేకపోయింది. ఒకటి నొక్కి వదిలాక రెండోది నొక్కినా పని జరిగేలా పెట్టాం. చిటికెన వేలు పోయింది, దాని పక్కది పోయింది. ఒకనాడు అంకాపూర్ వాళ్ల పెండ్లికార్డు చివరి వరసలో ఉండగా, ఆమె వేలు పట్టు తప్పి విండో మేనేజర్ మీటల మీద వాలిపోయింది. కిటికీ మూసుకుపోయింది. సేవ్ చేయని పేజీ. పొద్దటి నుంచి కొట్టిందంతా పోయింది. సుగుణక్క ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు, నేనే తుడిచాను. నర్సిములు బావ వాకిట్లోంచి చూసి, "ఇగ చాలు సుగుణా, ఇంటికి పోదాం" అన్నాడు.

అప్పటికి ఆమె మాట ముద్దగా అయిపోయింది, నాకూ బావకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. "అత్తకిచ్చిన బటన్ గూడ తీసెయ్" అంది. తీసేశాను. ఇక విండో మేనేజర్‌కు ఒక్క మీటా లేదు, ఆ కిటికీ ఏ వేలు పడినా మూసుకోదు. ఆమె మళ్లీ మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. మర్నాడు సాయంత్రానికి కార్డు పూర్తయింది. ప్రింటు తానే ఇచ్చుకుంది. మిషన్‌లోంచి కాగితం బయటికి వస్తుంటే ఆమె ముఖం చూడాల్సింది. ఆ కార్డు తీసుకుపోయినవాళ్లకు అది ఎలా తయారైందో తెలియదు. పెళ్లి బాగా జరిగిందని స్వీటు డబ్బా మాత్రం తెచ్చిచ్చారు.

వానలు పడుతుండగా అక్క పోయింది. షాపు నన్నే నడుపుకొమ్మని బావ తాళాలు నా చేతిలో పెట్టాడు. కొన్నాళ్లు ఆమె కంప్యూటర్ జోలికి నేను పోలేదు. చివరికి బావే అడిగాడు. "కొత్త పిల్లను పెట్టుకున్నవ్ గద లావణ్యా. గా బటన్లతోని ఆ పిల్ల ఎట్ల కొడ్తది? మామూలుగ చెయ్యి జర."

ఫైలు తెరిచాను. చివర మార్చినవి చివరనే ఉన్నాయి కాబట్టి కింది నుంచి తీసుకుంటూ పైకి పోయాను. మొదట విండో మేనేజర్ మీట దానికి ఇచ్చేశాను. అంటే అక్క వేలు ఇంకా పట్టు తప్పలేదు. ఆ పైది మారిస్తే రెండు మీటలు కలిపి నొక్కగలదు, చిటికెన వేలు కదులుతోంది. ఇంకా పైకి పోతే బాణాలు కుడివైపుకు వెళ్లిపోయాయి, ప్రింటు దాని చోటుకు పోయింది. కుడిచెయ్యి లేచింది. వరస వరసకూ సుగుణక్కకు నయమవుతూ వచ్చింది. నాకు ఆత్రం ఎక్కువైంది, గబగబా మార్చాను. అన్నీ అయిపోయాయి. కంప్యూటర్ నేను పనికి కుదిరిన నాటికి వచ్చింది, రెండు చేతులూ మంచిగా ఉన్న మనిషి కోసం సిద్ధంగా ఉంది. పక్కకు తిరిగి "అక్కా" అన్నాను. కొత్త పిల్ల భయపడి లేచి నిలబడింది. నేను కౌంటరు కింద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

నా కంప్యూటర్ మాత్రం మార్చలేదు. ఈ మధ్య జక్రాన్‌పల్లి నుంచి ఒక పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్ కార్డు కోసం వచ్చింది. నేను కొడుతున్నంతసేపూ నా ఒళ్లో ఉన్న చెయ్యి వైపే చూసింది.

"గా కుడిచెయ్యికి ఏమైంది బిడ్డా? ఎప్పటి నుంచి?" అని మెల్లగా అడిగింది.

"ఏం కాలే పెద్దమ్మా, మంచిగనే ఉన్నది" అని, నమ్మించడానికి దాన్ని ఎత్తి అయిదు వేళ్లూ ఆడించి చూపించాను. ఆమె నమ్మింది. నేను దాన్ని మళ్లీ ఒళ్లో పెట్టుకుని, కార్డు పూర్తి చేశాను.