మా హీరోగారి గుప్తదానం

ఆ రోజుల్లో మా తెనాలిలో దేవుణ్ణి ఏమన్నా ఊరుకునేవాళ్లం గానీ, మా హీరోని పల్లెత్తు మాటంటే ఊరుకునేవాళ్లం కాదు. ఆయన అభిమాన సంఘానికి నేను కార్యదర్శిని (డిగ్రీ గట్టెక్కకపోవడం తప్ప వేరే అర్హత లేదు). అప్పట్లో నేను చెప్పకుండా మింగేసిన నిజం ఒకటుంది. దానివల్ల మా మేనత్త మాట పడింది.

ఆ ఏడు తుఫానుకి రేపల్లె అవతల సముద్రపొడ్డు పల్లెల్లో గుడిసెలు ఎగిరిపోయాయి. అవతలి హీరో సాయం ప్రకటించాడు. మా హీరో ఉలకలేదు, పలకలేదు. "ఏంటి బావా, సినిమాలో ఊళ్లకి ఊళ్లు దానం చేస్తాడుగా, బయట చెయ్యి జేబులో ఇరుక్కుపోయిందా?" అని టీకొట్టు దగ్గర అవతలి సంఘం వాడు అడిగాడు. "మావాడిది గుప్తదానం. ఇచ్చినట్టు ఎవరికీ తెలీదు," అన్నాను. "పుచ్చుకున్నోడిక్కూడానా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, బాపట్లలో టీచరుగా చేస్తున్న మా మేనత్త, చర్చి స్త్రీల సమాజం తరఫున ఇల్లిల్లూ తిరిగి దుప్పట్లు, బియ్యం పోగుచేసింది. "మీ పేరున నా చేత్తో ఇచ్చొస్తానండి" అని అందరికీ మాటిచ్చింది. వ్యాను మాట్లాడే పని నాకు పురమాయించింది. మాట్లాడాను. అత్తయ్య ముందు ఆటోలో వెళ్లగానే, వ్యానుకి రెండు పక్కలా మా హీరో దండం పెడుతున్న బ్యానర్లు కూడా కట్టాను (కిందటి సినిమావి, పాలాభిషేకం మరకలు ఇంకా వదల్లేదు). పల్లెలో వ్యాను ఆగగానే అత్తయ్య చూసి, "ఇదేంట్రా?" అంది. "వ్యానువాళ్లు కట్టుకున్నారేమో అత్తయ్యా, నాకేం తెలుసు," అన్నాను. జనం అప్పటికే చేతులు చాపి నిలబడ్డారు. ఆవిడ బ్యానరు సంగతి వదిలేసి దుప్పట్లు పంచింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది, హీరోగారి సాయం పంచుతున్న ఉపాధ్యాయురాలని.

తెనాలిలో నాకు దండ వేశారు. బాపట్లలో ఆవిణ్ణి నిలదీశారు. "ఏంటండీ టీచరుగారూ, మా దుప్పట్లు సినిమావాళ్ల పేరున పంచారంట, ఏమన్నా ముట్టజెప్పారా?" నాకు తెలీదండి అని ఆవిడ మొత్తుకున్నా నమ్మినవాళ్లు లేరు. తర్వాత ఏ కష్టానికి ఏ గుమ్మం ఎక్కినా, "మీ హీరోనే అడగండి" అని పంపేసేవాళ్లు. చివరికి ఆవిడ తిరగడమే మానేసింది.

ఈమధ్య టీవీలో తారలు దానాలు ఎక్కువ చెయ్యాలా వద్దా అని చర్చ నడుస్తుంటే, నేను ఊగిపోతూ, "అంతంత ఉన్నవాళ్లు కాస్త ఇస్తే ఏం పోయింది?" అన్నాను. మా ఆవిడకి పాత కథంతా తెలుసు. "వాళ్లు ఇవ్వలేదు సరే, ఇచ్చినావిడ పేరు పోగొట్టింది మీరేగా," అంది. టీవీ కట్టేశాను.

ఆదివారం పొద్దున్నే బాపట్ల వెళ్లి, ఆ బ్యానర్లు కట్టింది నేనేనని అత్తయ్యకి చెప్పాను. ఆవిడ, "నేను కట్టలేదని నాకు ముందే తెలుసు కదరా. తెలియాల్సింది వాళ్లకి. వాళ్లకి చెప్పు," అని చర్చికి వెంటబెట్టుకెళ్లింది.

ఆరాధన అయ్యాక, ప్రకటనల వేళ లేచి జరిగిందంతా చెప్పాను. ముందు వరసలో ఓ ముసలావిడ, "ఎవరు బాబూ ఆ హీరో?" అంది. పేరు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది (ఇంత వయసొచ్చినా!). "ఆయన్ని వదిలెయ్యండి మామ్మగారూ, ఆయనకి పాపం ఏమీ తెలీదు," అని, అత్తయ్య వైపు తిరిగాను. "తప్పంతా నాది. క్షమించు అత్తయ్యా."