ఒక గిన్నె, రెండు వడ్డనలు

శుక్రవారం ఉదయం ఏడు ముప్పావుకి నెల్లిమర్లలో పాసింజరు ఎక్కాను. సంచిలో షుగరు చూసుకునే మిషను, చిన్న స్టీలు గిన్నె ఉన్నాయి. సోమవారం పరీక్షలో షుగరు దిగితేనే నా కుడికంటికి ఆపరేషను. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. జాకెట్లు కుట్టి బతికేదాన్ని, సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నాను. ఆపరేషనుకి ముందు శ్రీముఖలింగంలో దేవుణ్ణి చూసి, అక్కడే ఉన్న మా వదిన ఇంట్లో భోంచేసి సాయంత్రానికి తిరిగి రావాలి. మూడో వాయిదా మాత్రం పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

చీపురుపల్లి దాటాక రెండు ఇడ్లీలు, కాసిని శనగలు ఉన్న పొట్లం విప్పాను. ఎదురుగా ఖాళీ చేపల బుట్టతో కూర్చున్నావిడ జాలిపడింది.

"సుగరా అమ్మా? సోడంబలి తాగు. ఎంత తాగినా ఏటీ అవదు."

నాకు ఒళ్ళు మండింది. రెండోసారి వాయిదా పడింది ఆ మాట నమ్మే. అన్నం మానేశానన్న ధీమాతో పూటకి రెండు చెంబుల చోడంబలి, అదే రాగి అంబలి, తాగాను. అందులో ఉడికేవి బియ్యం నూకలేనని బుర్రకి తట్టలేదు. చోడైనా వరైనా కొలత తప్పదని డాక్టరమ్మ చివాట్లు పెట్టింది. ఇదంతా ఆవిడకి చెప్పాను.

"అలాగైతే నూకలు మానేత్తే సరి" అందావిడ. చోడిపిండీ లెక్కలోకే వస్తుందని శ్రీకాకుళం రోడ్డు స్టేషను వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

అక్కణ్ణుంచి ఆటోలో శ్రీకాకుళం, బస్సులో నరసన్నపేట, మళ్ళీ ఇంకో బస్సు. నాలాంటివాళ్ళు ఈ దారిన వెళితే తిండి వెంట తీసుకెళ్ళడం మేలు. దారిలో కనిపించేవి పూరీలూ బజ్జీలే. పన్నెండులోపు దర్శనం అయింది.

వదిన ఆకు వేసి, అన్నం గంపెడు తెచ్చింది. నేను గిన్నె తీసి పక్కన పెట్టాను.

"ఇదే నా కొలత, వదినా."

ఆమె మొహం మాడిపోయింది. "ఒక్కసారి ఒడ్డించి లేపుతారేటే? మారు ఎయ్యకపోతే ఇంటికి మంచిది కాదు."

ప్రతి ఇంట్లోనూ నేను లొంగిపోయేది ఇక్కడే. ఈసారి లొంగలేదు.

"ముందు గిన్నెలో సగమే పెట్టు. కూర ఎక్కువ వెయ్యి. మిగతా సగం మారు వేద్దువుగాని."

వదిన కాసేపు గిన్నెకేసి చూసి, నవ్వేసి, అలాగే వడ్డించింది. మారు సగం మజ్జిగతో తిన్నాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నె ఆమె చేతిలోనే ఉంది. "ఇది నాకిచ్చీ వరాలూ. నాకూ సుగరొచ్చి ఏడాదయ్యింది. మీ అన్నకి సెప్పనేదు. ఎవులింటికెళ్ళినా మారు కాదననేక తినేత్తన్నాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె ఇచ్చేసి, ఈ రోజే అన్నయ్యకి చెప్పమన్నాను.

భోంచేసిన రెండు గంటలకి నరసన్నపేట బస్టాండులో వేలు గుచ్చుకున్నాను. అంకె మసకగా కనబడింది. పక్కనున్న కాలేజీ అమ్మాయి చదివింది.

"నూట అరవై రెండండి."

డాక్టరమ్మ గీసిన గీత నూట ఎనభై. చాలా రోజుల తర్వాత దాని లోపల ఉన్నాను. బరువంతా దిగినట్టనిపించింది.

తిరుగు రైల్లో ఉండగా వదిన ఫోను చేసింది.

"మీ అన్నకి సెప్పీసినాను. కోప్పడ్డారు గానీ, రాత్రికి నీ గిన్నెతోనే ఒడ్డిత్తారట. రెండు సార్లూ ఆయనే."

ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఆకలి చంపుకోవడం కాదు, కొలత మీద నిలబడడం. నెల్లిమర్లలో దిగగానే స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళాను. పెద్ద గిన్నెలు చూపిస్తుంటే వద్దని, వదినకి ఇచ్చినంతదే ఏరి తెచ్చుకున్నాను.