పన్నెండుసార్లు కడిగే కుసాబా గారు

కుసాబా గారు కడుగుతారు. ఆయన గురించి చెప్పాల్సింది ఇంతే. టీ కప్పు కడుగుతారు, టీ పోసుకునే ముందు మళ్ళీ కడుగుతారు. వానలో తడిసొచ్చిన గొడుగుని కూడా కుళాయి కింద పెడతారు.

"వానే కడిగింది కదండీ!" అన్నానోసారి.

"వాన చేతులు కడుక్కునే వచ్చిందా? నువ్వు చూశావా?"

జపాన్‌లోని షిమొనొసెకిలో మా ల్యాబ్ పని ఇదీ. ఫుగు చేప విషాన్ని సన్న గొట్టంలోంచి నరాల కణం మీదికి వదులుతాం. కణానికి సోడియం లోపలికొచ్చే తలుపులుంటాయి. విషం వాటికి అడ్డంగా కూర్చుంటుంది, తెరమీద కణం స్పందన చూపించే గీత చచ్చినట్టు పడుకుంటుంది. ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ లేస్తుంది. పనయ్యాక గొట్టాన్ని పన్నెండుసార్లు కడగాలి. అది ల్యాబ్‌లో అందరికన్నా పాతవారైన కుసాబా గారి శాసనం.

"నాలుగుసార్లు చాలదా?"

"చాలు. మిగతా ఎనిమిదీ నీలాంటివాళ్ళ కోసం."

నేను కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ణి. ఏ పనిలోనూ ఏడాది నిలవలేదు. ఇక్కడి ఒప్పందమూ మార్చి ఆఖరుకి అయిపోతుంది. ఫిబ్రవరికల్లా ఎముకల్లోకి దిగింది అలసట. ఓ సాయంత్రం గొట్టం ఒక్కసారి కడిగి ఇంటికి పోయాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

వారంపాటు ఒక్క కణం పలకలేదు. విషం వేయకముందే గీత పడుకునుంది. మా ల్యాబ్ పెద్దావిడ తోకునాగ సెన్సే, అంటే మా గురువుగారు, కొత్త కణాలు తెప్పించింది, కణాల్లో గుచ్చే గాజు సూదులు మార్పించింది, చివరికి అందరినీ నిలబెట్టింది.

"గొట్టం కడుగుతున్నదెవరు?"

నా పెదాలు తిమ్మిరెక్కాయి. ఫుగు విషం తినకుండానే.

"నేనే," అన్నారు కుసాబా గారు. "కడగడం మర్చిపోయాను."

వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. ఆ మాట చెబుతూనే ఆయన సెన్సే కప్పు తీసుకుని కడిగేస్తున్నారు మరి.

"సెన్సే, అసలు నేను..."

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నీ గోలేంట్రా!" అని అడ్డొచ్చారు కుసాబా గారు.

సెన్సే ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మెరిసిపోతున్న కప్పుని చూసింది. నిట్టూర్చింది.

"మీకు వయసైపోతోంది కుసాబా గారూ. గొట్టం బాధ్యత ఇక ఈ అబ్బాయికే వదిలేయండి. మార్చి తర్వాత కూడా."

అందరూ వెళ్ళాక అడిగాను. "ఎవరు నమ్ముతారండీ ఆ అబద్ధం?"

"ఎవర్నీ నమ్మమన్లేదే." కప్పు బోర్లించారు. "కణాలు చావలేదు, విషం అడ్డం కూర్చుందంతే. వాటి సంగతి నేను చూస్తాను. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

గుమ్మం దాటానో లేదో వెనకనుంచి కేక.

"వేణ్ణీళ్ళ తొట్టిలో దిగే ముందు ఒళ్ళు కడుక్కోరా!"

క్షణం ఆగి, "రెండుసార్లు!"