మామగారి ఇంటర్వ్యూలు

ఉద్యోగానికి వచ్చినవాళ్ళ సొంత విషయాలు చెవిన పడితే బేకరీ మామగారికి ఒంటిమీద జెర్రులు పాకినట్టుంటుంది. ఎవరైనా "నాకు పెళ్ళయి..." అన్నారో లేదో, పక్కనున్న కేకు ట్రే ఎత్తి గరిటెతో వాయించేస్తారు. ఆ మోతకి వీధిలో వాళ్ళు వేడివేడి బన్లు దిగాయనుకుని వరస కట్టేస్తారు.

దీనంతటికీ మూలం కార్మికశాఖ ఆఫీసరు. ఒకరోజు బన్ను తింటూ, "పనిలోకి తీసుకునేటప్పుడు పెళ్ళి, పిల్లలు, కులం, మతం అడగొద్దు. పని వచ్చో రాదో చూడండి, అంతే" అన్నాడు. తినేసి ఆయన దారిన ఆయన పోయాడు. ఇరుక్కుపోయింది మాత్రం బేకరీ మేనేజరుగా ఉన్న అల్లుడు.

పాపం, "చురుకైన యువకులు కావలెను" అని బోర్డు రాయించాడు. మామగారు చదివి తల పట్టుకున్నారు.

"యువకులేంటి? యాభై ఏళ్ళావిడకి పిండి కలపడం రాదా?"

"అందరూ ఇలాగే రాస్తున్నారు మామయ్యగారూ."

"అందరి జోలి మనకెందుకు, చెరిపెయ్యి."

దిద్దిన బోర్డు చూసి నల్ల గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చింది. భర్త జైల్లో ఉన్నాడనీ, ఆ సంగతి వినగానే ప్రతిచోటా పొమ్మంటున్నారనీ బ్రెడ్డు వ్యాను డ్రైవరు పొద్దున్నే అల్లుడి చెవిన వేశాడు. మామగారికి చెబుదామని అల్లుడు నోరు తెరిస్తే, మళ్ళీ అదే మోత.

ఆవిడ కూర్చుంటూనే, "ముందే చెప్పేస్తున్నానండీ, మా ఆయన..." అంది.

ఢాం ఢాం ఢాం.

"ఈస్టు ఎలాంటి నీళ్ళలో వేస్తారమ్మా?" అన్నారు మామగారు, ఏమీ ఎరగనట్టు.

"గోరువెచ్చటి నీళ్ళలో. కానీ తర్వాత తెలిసి తీసేస్తే తట్టుకోలేనండీ. ఇల్లు గడవాలంటే ఈ పనే దిక్కు. మా ఆయన..."

ఢాం ఢాం. బయట బన్ల కోసం తోపులాట మొదలైంది.

చివరికి పిండి కలిపి చూపించమన్నారు. ఆవిడ చేతిలో పిండి వెన్నలా సాగింది. మామగారు జీతం, పనివేళలు రాసిన ఉత్తర్వు మీద అక్కడికక్కడే సంతకం పెట్టి ఇచ్చారు. "గురువారం మీకు సెలవు" అన్నారు. ఆవిడ పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుని, రేపే వస్తానంటూ వెళ్ళింది.

అల్లుడు ఇక ఆగలేకపోయాడు. ముందు ట్రే లాక్కుని దానిమీద కూర్చున్నాడు.

"ఆవిడ భర్త జైల్లో ఉన్నాడు మామయ్యగారూ."

"తెలుసు, ఆ డ్రైవరు నాకూ చెప్పాడు. జైల్లో కలవనిచ్చేది గురువారమేగా, అందుకే ఆ రోజు సెలవిచ్చాను."

అల్లుడు గుడ్లప్పగించాడు. "తెలిసి మరి ఈ గోలంతా ఎందుకండీ? నా చెవులు చిల్లులు పడ్డాయి."

"ఆ మాట చెప్పుకుని ఎన్ని గుమ్మాలు దిగొచ్చిందో, పాపం. ఒక్కచోటైనా చెప్పుకోకుండా లోపలికి రానీ అనుకున్నాను. ఆయన ఏం చేశాడో ఆయన సంగతి. పిండి కలిపేది ఈవిడ కదా."

అల్లుడికి పెళ్ళయిన ఇన్నాళ్ళకి మామగారంటే నిజంగా ప్రేమ పుట్టుకొచ్చింది. కానీ మేనేజరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"బాగానే ఉంది. మరి గురువారాలు పిండి కలిపేదెవరు?"

మామగారు తన ఏప్రాన్ విప్పి అల్లుడి మెడలో వేసి, వెనక ముడి గట్టిగా బిగించారు.